సహకార పరిణామం (క్రీడా సిద్ధాంతం)

సహకార పరిణామం అనగా, ఎవరి లాభం వారు చూసుకునేవారి మధ్య, పైనుండి శాసించే అధికారి లేకపోయినప్పటికీ, పరస్పర సహకారం ఏ విధంగా పుట్టి ఏ విధంగా నిలదొక్కుకుంటుందో వివరించే అధ్యయనం. ఇది గణితశాస్త్రంలో క్రీడా సిద్ధాంతం అనే శాఖకు చెందినదైనా అర్థశాస్త్రం, రాజనీతిశాస్త్రం, జీవశాస్త్రం మూడింటికీ ఇందులో భాగం ఉన్నది. అమెరికాలోని మిచిగాన్ విశ్వవిద్యాలయానికి చెందిన రాజనీతి శాస్త్రజ్ఞుడు రాబర్ట్ ఆక్సెల్‌రాడ్ 1984లో వెలువరించిన గ్రంథంతో ఈ విషయానికి ఈ పేరు స్థిరపడింది.

క్రీడా సిద్ధాంతంలో 'ఆట' అంటే వినోదమని అర్థం చేసుకోరాదు. ఒకరికి దక్కే ఫలితం తన నిర్ణయం మీదనే కాక ఎదుటివారి నిర్ణయం మీద కూడా ఆధారపడి ఉండే ప్రతి సందర్భమూ ఆటే. బేరసారాలు, యుద్ధాలు, కాలువ నీటి పంపకాలు, చేపలు ఒకదాని ఒంటిని మరొకటి శుభ్రం చేసుకోవడం, ఇవన్నీ ఆ లెక్కన ఆటలే. అలాగే 'స్వార్థం' అనే మాట కూడా ఇక్కడ నిందావాచకం కాదు. ఆటగాడు తన పాయింట్లు తాను చూసుకుంటాడని మాత్రమే దాని భావం.

మనుషులను వారి మానాన వదిలివేస్తే ఒకరినొకరు దోచుకుంటారనీ, కనుక బలమైన ప్రభుత్వం ఉండి తీరవలసిందేననీ ఆంగ్ల తత్త్వవేత్త థామస్ హాబ్స్ 1651లో వాదించాడు. ఆ వాదన ఎంతవరకు నిజమో అంకెలలో తేల్చి చూడటానికి జరిగిన ప్రయత్నంగా ఈ అధ్యయనాన్ని చెప్పుకోవచ్చు.

ఖైదీల సందిగ్ధం

ఈ విషయమంతా 'ఖైదీల సందిగ్ధం' అనే చిన్న ఆట చుట్టూ తిరుగుతుంది. కథ ఇది. ఒక నేరంలో భాగస్వాములైన ఇద్దరిని పోలీసులు పట్టుకుని వేరువేరు గదులలో ఉంచారు. పెద్ద నేరానికి సాక్ష్యం లేదు. ఇద్దరూ నోరు విప్పకపోతే చిన్న నేరం కింద చెరి ఒక సంవత్సరం జైలు. ఒకడు రెండవవానిపై సాక్ష్యం చెప్పి, రెండవవాడు మౌనంగా ఉంటే, చెప్పినవానికి విడుదల, మౌనంగా ఉన్నవానికి పది సంవత్సరాల శిక్ష. ఇద్దరూ ఒకరిమీద ఒకరు చెప్పుకుంటే చెరి అయిదు సంవత్సరాలు. శిక్షల అంకెలు ఒక్కొక్క పుస్తకంలో ఒక్కొక్క విధంగా ఉంటాయి గాని వాటి వరుస మారదు.

మొదటి ఖైదీ ఇలా ఆలోచిస్తాడు: "వాడు మౌనంగా ఉంటే, నేను చెప్పేస్తే విడుదల, చెప్పకపోతే ఏడాది జైలు. కనుక చెప్పడమే మేలు. వాడు నామీద చెప్పేస్తే, నేనూ చెబితే అయిదేళ్ళు, చెప్పకపోతే పదేళ్ళు. అప్పుడూ చెప్పడమే మేలు." రెండవవాడు కూడా తెలివిగలవాడే కనుక అదే విధంగా ఆలోచిస్తాడు. ఫలితంగా ఏడాదితో బయటపడగలిగిన ఇద్దరూ అయిదేసి సంవత్సరాలు జైలులో ఉంటారు. ఎక్కడా తర్కంలో తప్పు లేదు. ఎవరికి వారు సరిగ్గా ఆలోచించడం వల్లనే ఇద్దరూ చెడిపోయారు. సందిగ్ధం అనడానికి కారణం ఇదే.

ఇకపై శిక్షలకు బదులు పాయింట్లతో లెక్క చూద్దాము. ఇద్దరూ సహకరించుకుంటే చెరి 3 పాయింట్లు. ఇద్దరూ ద్రోహం తలపెడితే చెరి 1. ఒకరు సహకరించి మరొకరు ద్రోహం చేస్తే, ద్రోహికి 5, సహకరించినవారికి 0. వంతులవారీగా ఒకరినొకరు మోసగించుకుని లాభపడే వీలు కూడా ఇందులో లేదు. ఎందుకంటే రెండు ఆటలకు కలిపి ఆ పద్ధతిలో ఒక్కొక్కరికి వచ్చేది 5, సహకారంతో వచ్చేది 6.

ఈ ఆటను 1950లో కాలిఫోర్నియాలోని రాండ్ కార్పొరేషన్ అనే పరిశోధన సంస్థలో మెరిల్ ఫ్లడ్, మెల్విన్ డ్రెషర్ అనేవారు రూపొందించారు. దానికి ఖైదీల కథను తొడిగినవాడు ఆల్బర్ట్ టకర్. ఈయన ప్రఖ్యాత గణితవేత్త జాన్ నాష్‌కు పరిశోధనలో మార్గదర్శకుడు. ఫ్లడ్, డ్రెషర్ తమ ఆటను కాగితంపైనే ఉంచక, ఆర్మెన్ ఆల్చియన్, జాన్ విలియమ్స్ అనే ఇద్దరు మేధావుల చేత వరుసగా 100 సార్లు ఆడించారు. సిద్ధాంతం ప్రకారం నూరుసార్లూ ఇద్దరూ ద్రోహమే చేయాలి. జరిగింది వేరు. 100 ఆటలలో 60 సార్లు ఇద్దరూ సహకరించుకున్నారు. ఇది విని నాష్ చేసిన అభ్యంతరం గమనించదగినది. నూరు ఆటలుగా కనిపిస్తున్నవి నూరు వేరువేరు ఆటలు కావనీ, నూరు ఎత్తులు గల ఒకే ఆట అనీ ఆయన అన్నాడు. తరువాత వచ్చిన సిద్ధాంతమంతా ఈ భేదంలోనే ఇమిడి ఉన్నది.

మళ్ళీ కలుసుకునే అవకాశం

రైలు కదలబోయే వేళ కిటికీ దగ్గర పండ్లు అమ్మేవానికీ, మన వీధి చివర కిరాణా కొట్టు నడిపేవానికీ తేడా అందరికీ తెలిసినదే. మొదటివానికి మనం మళ్ళీ ఎదురుపడము. రెండవవాడు ఈ రోజు తూకంలో మోసగిస్తే రేపటినుండి మనం వేరే కొట్టుకు పోతాము. ఇద్దరి స్వభావం ఒకటే కావచ్చు గాని, రెండవవానికి రేపు అనేది ఒకటి ఉన్నది. ఆక్సెల్‌రాడ్ దీనికి 'భావికాలపు నీడ' అని పేరు పెట్టాడు.

అయితే ఆట ఎప్పుడు ముగుస్తుందో ఇద్దరికీ ముందే తెలిస్తే చిక్కు వస్తుంది. చివరి ఆటలో ద్రోహానికి శిక్ష ఉండదు కనుక అందులో ఇద్దరూ ద్రోహమే చేస్తారు. చివరిది ఎలాగూ పోయింది కనుక దాని ముందుదానిలో సహకరించి ప్రయోజనం లేదు. ఈ తర్కం వెనక్కు పాకుతూ మొదటి ఆట వరకు వస్తుంది. కనుక ముగింపు ఎప్పుడో తెలియకుండా ఉండటం సహకారానికి ముఖ్యమైన ఆధారం. ముగింపు తెలియని ఆటలలో సహకారం కూడా సమతుల్య స్థితి కాగలదని క్రీడా సిద్ధాంతవేత్తలు 1950లలోనే గ్రహించారు. ఇందులో ముఖ్యుడైన రాబర్ట్ ఆమన్‌కు 2005లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. కాని ఆ గణితం ప్రకారం సహకారం సాధ్యమైనట్లే నిత్యద్రోహం కూడా సాధ్యమే. ఏది నెగ్గుతుందో అది చెప్పలేదు.

ఆక్సెల్‌రాడ్ పోటీలు

ఆ ప్రశ్నకు సమాధానం కోసం ఆక్సెల్‌రాడ్ ఒక విచిత్రమైన దారి తొక్కాడు. క్రీడా సిద్ధాంతంలో నిపుణులను ఆహ్వానించి, ఈ ఆటను ఆడగల కంప్యూటర్ ప్రోగ్రాములను పంపమన్నాడు. మనస్తత్వ శాస్త్రం, అర్థశాస్త్రం, రాజనీతి, గణితం, సమాజశాస్త్రం అనే అయిదు రంగాలనుండి 14 ప్రోగ్రాములు వచ్చాయి. వాటికి తోడు, ఆలోచన లేకుండా బొమ్మా బొరుసూ వేసినట్లు ఆడే ప్రోగ్రామును ఒకదానిని ఆక్సెల్‌రాడ్ కలిపాడు. ప్రతి ప్రోగ్రామూ మిగిలిన ప్రతిదానితోనూ, తనతో తానూ 200 ఎత్తుల ఆట ఆడింది. ఫలితాలు 1980లో వెలువడ్డాయి.

నెగ్గినది అన్నిటిలోకి చిన్న ప్రోగ్రాము. దానిని పంపినవాడు కెనడాలో టొరాంటో విశ్వవిద్యాలయపు ఆచార్యుడు అనటోల్ రాపొపోర్ట్. మొదటి ఎత్తులో సహకరించు, ఆ తరువాత ఎదుటివాడు క్రితం ఎత్తులో ఏది చేస్తే నీవూ అదే చేయి. ఇంతే దాని సారం. దీని ఆంగ్ల నామం టిట్ ఫర్ టాట్. దీనికి ఆటకు సగటున 504 పాయింట్లు వచ్చాయి.

ఈ ఆంగ్ల నామాన్ని తెలుగులో 'దెబ్బకు దెబ్బ' అని అనువదించడం కద్దు. ఆ మాట ఈ వ్యూహానికి న్యాయం చేయదు. దెబ్బకు దెబ్బ అనగానే పగ, ప్రతీకారం స్ఫురిస్తాయి. ఈ వ్యూహం తనంతట తానుగా ఎన్నడూ చేయి ఎత్తదు. ఎదుటివాడు దారికి వచ్చిన మరుక్షణమే పాతది మరచిపోతుంది. బాకీ ఎప్పటికప్పుడు తీర్చుకుని ఖాతా మూసివేయడం దీని తత్త్వం కనుక ఈ వ్యాసంలో దీనిని 'చెల్లుకు చెల్లు' అంటున్నాము.

ఫలితాలను పరిశీలించగా ఒక విశేషం బయటపడింది. తాముగా ముందు ద్రోహం తలపెట్టని ప్రోగ్రాములు ఎనిమిది ఉండగా, మొదటి ఎనిమిది స్థానాలూ వాటికే దక్కాయి. వాటి సగటు 472కు తగ్గలేదు. ముందుగా ద్రోహం చేసే వాటిలో ఉత్తమమైనదానికి 401 మాత్రమే వచ్చాయి. అలాగని మంచితనం ఒక్కటే చాలలేదు. ఒక్కసారి మోసపోతే ఇక ఎన్నటికీ క్షమించని ప్రోగ్రాము ఒకటి, తాను ముందుగా ఎవరికీ ద్రోహం చేయనిదే అయినా, ఆ ఎనిమిదింటిలో అట్టడుగున నిలిచింది.

అతితెలివి ఏ విధంగా చెడుతుందో చెప్పడానికి జాస్ అనే ప్రోగ్రాము మంచి ఉదాహరణ. ఇది చెల్లుకు చెల్లు మాదిరిగానే ఆడుతుంది గాని, ఎదుటివాడు సహకరించినప్పుడు సుమారు పదిసార్లకు ఒకసారి ఉన్నట్టుండి ద్రోహం చేసి 5 పాయింట్లు కాజేయాలని చూస్తుంది. చెల్లుకు చెల్లుతో ఆడినప్పుడు అది చేసిన మొదటి ద్రోహానికి జవాబు వచ్చింది, ఆ జవాబుకు ఇది మరల జవాబు చెప్పింది, ఈ విధంగా ఇద్దరూ ఒకరి తరువాత ఒకరు ద్రోహం చేసుకుంటూ పోయారు. మరికొంతసేపటికి జాస్ మరొక ద్రోహం చేయగా, ఇద్దరూ చివరి వరకు ద్రోహంలోనే కూరుకుపోయారు. సహకరించుకుంటే చెరి 600 రావలసిన ఆటలో ఒకరికి 236, ఒకరికి 241 వచ్చాయి. 241 వచ్చినవాడు జాసే. ఆ ఆటలో గెలుపు దానిదే గాని, పోటీలో ఆ గెలుపు ఏ మాత్రమూ పనికి రాలేదు.

నిజానికి చెల్లుకు చెల్లు ఏ ఒక్క ఆటలోనూ ఎదుటివానికంటె ఎక్కువ పాయింట్లు తెచ్చుకోలేదు. దాని నిర్మాణమే అటువంటిది. మహా అయితే సమానంగా వస్తాయి, లేదా ఒక ద్రోహపు తేడాతో ఓడిపోతుంది. ఎవరినీ ఓడించకుండానే అది పోటీ నెగ్గింది. తరగతిలో పక్కవాని మార్కులతో పోల్చుకోవడానికి అలవాటు పడిన మనకు ఇది ఒక పట్టాన మింగుడు పడదు.

ఈ ఫలితాలను అందరికీ తెలియజేసి ఆక్సెల్‌రాడ్ రెండవ పోటీ పెట్టాడు. ఈసారి ఆరు దేశాలనుండి 62 ప్రోగ్రాములు వచ్చాయి. పంపినవారిలో పదేళ్ళ బాలుడి నుండి ఆచార్యుల వరకు ఉన్నారు. ఆట ఎన్ని ఎత్తులో ముందే తెలియకుండా ఏర్పాటు చేశారు. ఎవరిని ఓడించాలో అందరికీ తెలిసి ఉండగా రాపొపోర్ట్ అదే ప్రోగ్రామును మళ్ళీ పంపాడు, అదే మళ్ళీ నెగ్గింది. రెండుసార్లు వరుసగా ద్రోహం చేస్తే తప్ప బదులు చెప్పని మరింత సహనం గల వ్యూహం మొదటి పోటీలో ఉండి ఉంటే నెగ్గేదని లెక్కలు చెప్పాయి. సుప్రసిద్ధ జీవశాస్త్రవేత్త జాన్ మేనార్డ్ స్మిత్ రెండవ పోటీకి దానినే పంపితే 24వ స్థానం వచ్చింది. ఆ సహనాన్ని కనిపెట్టి వాడుకునే ప్రోగ్రాములు అప్పటికే బరిలోకి దిగాయి.

ద్రోహుల మధ్య సహకారం మొలకెత్తడం

పరిణామం అన్నప్పుడు అసలు కష్టమైన ప్రశ్న మొదలు గురించినది. అందరూ ద్రోహులే ఉన్న లోకంలో మొదటి సహకారి ఏ విధంగా బ్రతుకుతాడు? ఒంటరిగా అయితే బ్రతకడు. చిన్న గుంపుగా అయితే బ్రతుకుతాడు. లెక్క సులువైనదే కనుక వేసి చూద్దాము.

ఇద్దరు కలుసుకున్నాక మళ్ళీ కలుసుకునే అవకాశం నూటికి 90 అనుకుందాము. అంటే సగటున 10 ఎత్తుల ఆట. ఇద్దరు ద్రోహులు కలిస్తే ఒక్కొక్కరికి 10 పాయింట్లు. చెల్లుకు చెల్లు ఆడే ఇద్దరు కలిస్తే చెరి 30. చెల్లుకు చెల్లు ఒక ద్రోహికి ఎదురైతే మొదటి ఎత్తులో మోసపోయి, తక్కినవాటిలో ఒక్కొక్క పాయింటుతో 9 తెచ్చుకుంటుంది. ద్రోహికి 14 వస్తాయి. ఇప్పుడు కొత్తగా వచ్చిన సహకారుల గుంపు తన ఆటలలో నూటికి అయిదు మాత్రం తమలో తాము ఆడుకున్నా సగటు 10కి పైన ఉంటుంది, అంటే చుట్టూ ఉన్న ద్రోహులకంటె మెరుగు. అటువంటివారి సంతతి పెరుగుతుంది. తిరగవేసి చూస్తే, సహకారుల లోకంలోకి ద్రోహులు గుంపుగా వచ్చినా ప్రయోజనం లేదు. వారికి సహకారుల వద్ద 14, తమలో తమకు 10, స్థానికులకు 30.

మళ్ళీ కలుసుకునే అవకాశం తగ్గితే ఈ కోట కూలిపోతుంది. పై పాయింట్ల ప్రకారం ఆ అవకాశం మూడింట రెండు వంతులకంటె తక్కువైతే చెల్లుకు చెల్లు నిలబడలేదు.

ఆక్సెల్‌రాడ్ ఇదే విషయాన్ని రెండవ పోటీ ప్రోగ్రాముల మీద కూడా పరీక్షించాడు. ఎక్కువ పాయింట్లు వచ్చినవి తరువాతి తరంలో ఎక్కువ సంఖ్యలో ఉండేటట్లు చేసి వెయ్యి తరాలు నడిపించాడు. బలహీనులను దోచుకునే ప్రోగ్రాము ఒకటి మొదట్లో బాగా పెరిగింది. దోచుకోవడానికి బలహీనులు మిగలని తరువాత అదీ అంతరించింది.

కందకాలలో

కంప్యూటరు వెలుపల దీనికి దొరికిన అతి గొప్ప ఉదాహరణ మొదటి ప్రపంచ యుద్ధానికి చెందినది. ఫ్రాన్సు, బెల్జియం నేలమీద కందకాలు తవ్వుకుని బ్రిటిష్, జర్మన్ సైనికులు నెలల తరబడి ఎదురెదురుగా ఉండిపోయారు. కదలికలేని ఆ యుద్ధంలో అదే దళం అదే దళానికి రోజూ ఎదురుపడేది. భావికాలపు నీడకు అంతకంటె ఏమి కావాలి! మాట మంతీ లేకుండానే, మీరు కాల్చకపోతే మేమూ కాల్చము అనే కట్టుబాటు పలుచోట్ల ఏర్పడింది. టోనీ ఆష్‌వర్త్ అనే సమాజ శాస్త్రజ్ఞుడు సైనికుల దినచర్యలు, ఉత్తరాలు గాలించి దీనిని 1980లో గ్రంథస్థం చేశాడు.

భోజన సామగ్రి తెచ్చే బండ్ల మీద ఇరుపక్షాలూ కాల్పులు జరిపేవి కావు. అవతలివారి బండ్లను ధ్వంసం చేస్తే తమ బండ్లకూ అదే గతి పడుతుందని ఇద్దరికీ తెలుసు. పై అధికారుల తృప్తి కోసం ఫిరంగులు రోజూ అదే వేళకు అదే చోటికి పేల్చేవారు. తాము చేతకాక ఊరుకోవడం లేదని తెలియజేయడానికి గురికాండ్రు ఎదుటి గోడమీద ఒకే చోట వరుసగా కాల్చి రంధ్రం చేసి చూపేవారు. ఒకసారి అనుకోకుండా జర్మన్ వైపు నుండి గుండు వచ్చి పడగా, ఒక జర్మన్ సైనికుడు పైకి లేచి, ఇది తమ పని కాదనీ ప్రష్యన్ ఫిరంగి దళం నిర్వాకమనీ కేకవేసి క్షమాపణ చెప్పుకున్నట్లు ఒక బ్రిటిష్ అధికారి వ్రాశాడు.

దీనిని మాన్పించడానికి ఉపన్యాసాలు, శిక్షలు చాలలేదు. చివరికి సైన్యాధిపతులు చిన్న చిన్న దళాలతో శత్రు కందకాలపై దాడులు చేయించారు. దాడి జరిగినదీ లేనిదీ బందీల వల్ల, శవాల వల్ల తేలిపోతుంది కనుక నటనకు వీలు లేకపోయింది. ఒకసారి రక్తం చిందిన తరువాత చెల్లుకు చెల్లు పద్ధతే పగకు పగగా మారింది.

జీవశాస్త్రంలో

డార్విన్ సిద్ధాంతానికి పరోపకారం చాలాకాలం కొరకరాని కొయ్యగా ఉండేది. రక్తసంబంధీకుల మధ్య త్యాగాన్ని 1964లో డబ్ల్యు.డి. హామిల్టన్ గణితపరంగా వివరించాడు. బంధుత్వం లేనివారి మధ్య ఇచ్చిపుచ్చుకోవడాన్ని 1971లో రాబర్ట్ ట్రివర్స్ వివరించాడు. హామిల్టన్, ఆక్సెల్‌రాడ్ కలిసి 1981లో 'సైన్స్' పత్రికలో వ్రాసిన వ్యాసం ఈ రెండు ధోరణులనూ ఖైదీల ఆటతో ముడివేసింది. ఈ లెక్కలకు మెదడు అవసరం లేదనీ, సూక్ష్మజీవులకు సైతం ఇవి వర్తిస్తాయనీ వారి వాదన.

కోస్టారికాలో రక్తం త్రాగి బ్రతికే గబ్బిలాలను జెరాల్డ్ విల్కిన్‌సన్ పరిశీలించి, ఆహారం దొరకని గబ్బిలానికి తోటి గబ్బిలం తాను త్రాగిన రక్తాన్ని కక్కి పెడుతుందని 1984లో ప్రకటించాడు. రెండు మూడు రాత్రులు ఆహారం లేకపోతే ఆ జంతువు చనిపోతుంది కనుక ఈ చేబదులు ప్రాణప్రదమైనది. 2013లో వెలువడిన పరిశోధన కూడా, బంధుత్వం కంటె గతంలో పెట్టిన చేయి ఎవరిదన్నదే ముఖ్యమని తేల్చింది. అయినా అచ్చంగా చెల్లుకు చెల్లు ఆడే జంతువులు ప్రకృతిలో అరుదని నేడు పలువురు జీవశాస్త్రజ్ఞుల అభిప్రాయం.

పొరపాటు, క్షమ

చెల్లుకు చెల్లు వ్యూహానికి ఉన్న పెద్ద లోపం పొరపాటును తట్టుకోలేకపోవడం. చేయి జారడం వల్లనో, ఎదుటివాని చర్యను అపార్థం చేసుకోవడం వల్లనో ఒక్క ద్రోహం జరిగితే, ఈ వ్యూహం ఆడే ఇద్దరు జాస్ ఆటలో మాదిరిగా దెబ్బలు మార్చుకుంటూనే ఉంటారు. పొరపాట్లు ఎంత అరుదైనా సరే, ఆట సుదీర్ఘంగా సాగితే వారి సగటు ఎత్తుకు 3 నుండి 2.25కు పడిపోతుంది. బొమ్మా బొరుసూ వేసుకుని ఆడే ఇద్దరికి వచ్చేది కూడా సరిగ్గా అంతే.

దీనికి మందు కొలత ప్రకారం వేసిన క్షమ. మార్టిన్ నోవాక్, కార్ల్ సిగ్మండ్ 1992లో 'ఉదారమైన చెల్లుకు చెల్లు'ను ప్రతిపాదించారు. పై పాయింట్ల ప్రకారం ద్రోహాన్ని మూడింట ఒకసారి క్షమించవచ్చు. అంతకు మించితే నిత్యద్రోహులకు అలుసు అవుతుంది. ఎప్పుడు క్షమిస్తారో ఎదుటివారికి ముందుగా తెలియరాదు కూడా. మరుసటి ఏడు వారే మరొక వ్యూహాన్ని ముందుకు తెచ్చారు. 5 గాని 3 గాని వస్తే చేసినదే మళ్ళీ చేయి, 1 గాని 0 గాని వస్తే మార్చు. ఇది పొరపాట్లను తనంతట తాను సర్దుకుంటుంది గాని, నిత్యద్రోహి చేతిలో ఎత్తు విడిచి ఎత్తు మోసపోతుంది.

విమర్శలు

చెల్లుకు చెల్లు అన్నిటికంటె ఉత్తమమైన వ్యూహమని పత్రికలలో తరచుగా కనిపించే మాట సరియైనది కాదు. ఎవరెవరు పోటీకి వచ్చారన్నదాని మీద ఫలితం ఆధారపడుతుంది. కెన్ బిన్‌మోర్ ఈ విషయాన్ని గట్టిగా ఎత్తి చూపాడు. ఈ ఆటలో ఏ స్థిర వ్యూహమూ అన్ని రకాల చొరబాట్లనూ తట్టుకోలేదని బాయిడ్, లోర్బర్‌బామ్ 1987లో నిరూపించారు. 2004లో జరిగిన పోటీలో ఇంగ్లండు లోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయ బృందం 60 ప్రోగ్రాములను పంపింది. అవి మొదటి కొన్ని ఎత్తులను రహస్య సంకేతంగా వాడి ఒకదానినొకటి గుర్తుపట్టేవి. తరువాత కొన్ని కావాలని ఓడిపోయి మరికొన్నింటిని గెలిపించేవి. మొదటి మూడు స్థానాలూ ఆ బృందానివే. దీనిని మోసం అనాలో సహకారం అనాలో పాఠకులే ఆలోచించుకోవాలి. ఎదుటివాని లాభంలో వాటాను బలవంతంగా గుంజుకునే వ్యూహాలు సాధ్యమని 2012లో విలియం ప్రెస్, ఫ్రీమన్ డైసన్ చూపగా, పెద్ద జనాభాలో అవి నిలవవనీ ఉదారమైనవే నిలుస్తాయనీ మరుసటి ఏడు స్టీవర్ట్, ప్లాట్‌కిన్ చూపారు.

సహకారం అందరికీ మేలని కూడా అనుకోరాదు. ధరలు తగ్గించకుండా కూడబలుక్కునే వ్యాపారులూ ఈ ఆటలో సహకారులే. అక్కడ నష్టపోయేది ఆట వెలుపల ఉన్న కొనుగోలుదారు.

ఇద్దరికి మించిన ఆటలు

ఆటగాళ్ళు ఇద్దరి కంటె ఎక్కువైతే చెల్లుకు చెల్లు పనిచేయదు. చెరువు కట్ట పనికి ఒకడు రాకపోతే, వానిమీద కోపంతో నేనూ మానివేస్తే శిక్ష పడేది ఊరంతటికీ. అందువల్ల ఉమ్మడి ఆస్తి నాశనం కాక తప్పదని గారెట్ హార్డిన్ 1968లో వాదించాడు. ఎలినార్ ఆస్ట్రమ్ 1990లో వెలువరించిన గ్రంథంలో, తరతరాలుగా ఉమ్మడి వనరులను కాపాడుకుంటున్న సమాజాలను చూపి దీనిని ఖండించింది. ఆమెకు 2009లో నోబెల్ బహుమతి లభించింది.

ఈ చర్చలో ఆంధ్రప్రదేశ్‌లోని కర్నూలు జిల్లాకు స్థానం ఉన్నది. రాబర్ట్ వేడ్ అనే పరిశోధకుడు అక్కడి కాలువ కింది గ్రామాలను పరిశీలించి 1988లో ఒక పుస్తకం ప్రచురించాడు. కొన్ని గ్రామాలు ప్రభుత్వ ప్రమేయం లేకుండానే ఊరంతటికీ కలిపి నీరు పారించేవారిని నియమించుకున్నాయి, పైర్లు పశువుల పాలు కాకుండా కాపలాదారులను పెట్టుకున్నాయి, ఊరి నిధిని ఏర్పరచుకున్నాయి. పక్క ఊళ్ళలో ఇవేవీ లేవు. కులంలో గాని, మంచితనంలో గాని ఈ తేడాకు కారణం ఆయనకు కనిపించలేదు. కట్టుబాట్లు ఉన్న ఊళ్ళు ఎక్కువగా కాలువ చివరన ఉన్నవి, నీరు అందుతుందో లేదో తెలియనివి. కాలువ మొదట్లో పుష్కలంగా నీరు ఉన్న ఊళ్ళలో ఎవరి మడికి వారే నీరు పెట్టుకునేవారు.